గుండె గోడ

వైద్య కళాశాల మూడో ఏడాదిలో ఆ అమ్మాయిని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. పొట్టిగా ఉండి, చకచకా నడుస్తూ, ఎప్పుడు చూసినా తనకన్నా పెద్ద సంచి ఏదో మోస్తూ కనిపించేది కాబట్టి అందరికీ ఆమె చీమ. ఆమె జట్టులోనే ఉన్న పొడుగాటి కుర్రాడు నిచ్చెన. ఇద్దరూ పక్కపక్కన నడిచి వస్తుంటే హాస్టల్ కాపలాదారు "చీమ నిచ్చెనేసుకుని బయల్దేరిందిరోయ్" అని రోజూ అదే జోకు వేసేవాడు, రోజూ తనే నవ్వుకునేవాడు.

వాళ్ల స్నేహం మొదటి ఏడాది నాటిది. శవాన్ని కోసే గదిలో చీమకి కళ్లు తిరిగితే, ఎవరి కంటా పడకుండా తన పొడుగాటి ఒంటిని అడ్డం పెట్టి గోడకి ఆనించి నిలబెట్టినవాడు నిచ్చెన. బయటికొచ్చాక ఒక్క మాట వెక్కిరించలేదు. అంతటి వాచాలుడు ఆ ఒక్క సంగతిలో నోరు మూసుకోవడం చీమకి నచ్చింది.

గుండె విభాగం పెద్ద డాక్టరమ్మ నెలకోసారి విద్యార్థులని వెంటబెట్టుకుని జనంలోకి వెళ్లేది. ఒకసారి బస్సు డిపో, ఒకసారి బట్టల మిల్లు, ఒకసారి బడి. "వార్డులో మీరు చూసేది పడిపోయాక మోసుకొచ్చినవాళ్లని. పడకముందు వాళ్లెలా ఉంటారో చూడాలంటే కాళ్లు కదపాలి" అనేది. రక్తపోటు చూడటం, గుండె ఆగినవాడి ఛాతీ ఎలా నొక్కాలో నేర్పడం, ఎకో యంత్రంతో గుండె బొమ్మ తియ్యడం అన్నీ వాళ్ల చేతనే చేయించేది. ఎకో తియ్యడంలో చీమ చెయ్యి తిరిగింది. నిచ్చెనకి ఆ పని అబ్బలేదు. అతని పని వరసలో నిలబడ్డవాళ్లని నవ్వించడం, భయపడేవాళ్ల భయం పోగొట్టడం.

ఒక్క విషయం మాత్రం చీమకి వింతగా ఉండేది. కళాశాలలో సాధన కోసం విద్యార్థులు ఒకరి గుండె ఒకరు చూసుకునేవారు. నిచ్చెన ఎప్పుడూ పరీక్ష బల్ల మీద పడుకోలేదు. "నాకు చచ్చేంత చక్కిలిగింత తల్లీ, యంత్రం తన్నేస్తా" అని తప్పించుకునేవాడు.

ఆ రోజు వాళ్లు వెళ్లింది ఒక బడికి. ఆటల జట్లలో ఉన్న పిల్లలందరికీ గుండె పరీక్ష. ఆడుకునే పెద్ద హాల్లో ఒక మూల తెరలు కట్టి, బల్ల వేసి, ఎకో యంత్రం పెట్టుకున్నారు. గోడకి నిచ్చెన స్వయంగా రాసి అంటించిన అట్ట: "ముందే తెలిస్తే దారి ఉంటుంది." హాలు ఆ చివర డాక్టరమ్మ రబ్బరు బొమ్మని నేలమీద పడుకోబెట్టి ఉపాధ్యాయుల చేత ఛాతీ నొక్కిస్తోంది. "గట్టిగా! బొమ్మకి నొప్పెయ్యదు!" అని ఆమె గొంతు హాలంతా మోగుతోంది.

మధ్యాహ్నం ముందు బాస్కెట్‌బాల్ ఆడే పిల్ల ఒకతె బల్ల దగ్గరికొచ్చి బిగుసుకుపోయింది. జెల్ సీసా చూసి ఏడుపు లంకించుకుంది. కరెంటు షాక్ కొడుతుందని ఎవరో చెప్పారట. చీమ ఎంత బతిమాలినా బల్ల ఎక్కదు. వెనకాల పిల్లల్లో గుసగుసలు మొదలయ్యాయి.

"సరే, షాక్ కొడితే ముందు నాకే కొట్టనీ" అన్నాడు నిచ్చెన. చొక్కా విప్పి బల్ల మీద పడుకున్నాడు. కాళ్లు బల్ల దాటి బయటికి వేలాడుతుంటే పిల్లలు ఘొల్లుమన్నారు.

చీమ ఆశ్చర్యంగా చూసింది కానీ వాదించే సమయం కాదు. ఎడమపక్కకి తిరగమని, ఛాతీ మీద జెల్ రాసి, యంత్రానికి వైరుతో తగిలించి ఉన్న ప్రోబ్ ఆనించింది.

"అమ్మో, చల్లన! చచ్చాన్రోయ్!" అని అతను అరిచాడు. ఏడుస్తున్న పిల్ల కూడా కిసుక్కుమంది.

యంత్రం తెర మీద గుండె కదిలింది. చీమ "చూశారా, ఇదిగో ఇది తలుపులా తెరుచుకుని మూసుకుంటోంది కదా" అంటూ చెప్పుకుపోతోంది. అలా చెబుతూనే ఆగిపోయింది.

గుండెలో కింది రెండు గదుల మధ్య గోడ సన్నగా ఉండాలి. నిచ్చెన గుండెలో ఆ గోడ దిమ్మలా ఉంది. ఏటవాలుగా చూస్తే సన్నటిది కూడా లావుగా కనిపిస్తుంది, తన చేతిదే తప్పేమోననుకుంది. మణికట్టు తిప్పింది. ఇంకో పక్కెముకల సందులోంచి చూసింది. ఎటు తిప్పినా గోడ అలాగే ఉంది. లావుపాటి కండ గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం వెళ్లే దారికి అడ్డంగా ఉబుకుతోంది. ఇది ఆమె పుస్తకంలో చూసిన బొమ్మే. ఆటల్లో ఉన్న కుర్రాళ్లు ఉన్నట్టుండి కుప్పకూలే జబ్బుది. వాళ్లు ఈ బడికి వచ్చిందే దాన్ని వెతకడానికి.

"ఏమైందక్కా?" అంది ఆ పిల్ల.

"ఏం లేదమ్మా, చాలా బాగుంది" అంది చీమ. ఆమె గొంతు ఆమెకే ఎవరిదోలా వినిపించింది.

నిచ్చెన జోకులు ఆపేశాడు. అతను తెర వైపు ఒక్కసారి కూడా చూడలేదు, చీమ మొహమే చూస్తున్నాడు. లేచి, తువ్వాలుతో ఛాతీ తుడుచుకుని, ఆ పిల్లతో "చూశావుగా, బతికే ఉన్నా. ఎక్కు" అన్నాడు.

మిగిలిన పిల్లలందరినీ చీమ ఎలా చూసిందో ఆమెకే తెలియదు. అందరి గుండెలూ బాగానే ఉన్నాయి. భోజనాల వేళ నిచ్చెన ఆమెని ఆట సామాన్లు పెట్టే గదిలోకి లాక్కెళ్లాడు. చాపల చుట్టలు, గాలిపోయిన బంతులు, రబ్బరు వాసన.

"ఎంత లావుంది?" అన్నాడు.

"ఏంటి?"

"నాటకాలొద్దే. ఎంత లావుంది?"

చీమ చాపల చుట్ట మీద కూలబడింది. "నేనింకా నేర్చుకుంటున్నదాన్ని. తప్పయ్యుండొచ్చు. మేడమ్‌ని పిలుస్తా, ఆవిడొకసారి…"

"పిలవకు."

"నీకేమన్నా పిచ్చా?"

అప్పుడతను చెప్పాడు. తనకొక అన్న ఉండేవాడు. పదిహేడేళ్లప్పుడు పరుగుపందెం సాధన చేస్తూ మైదానంలోనే పడిపోయాడు. ఎండదెబ్బ అన్నారు, అందరూ అదే నమ్మారు. రెండో ఏడాదిలో ఈ జబ్బు పాఠం చదివిన రోజు నిచ్చెన పుస్తకం మూసేసి, ఆ పేజీ జోలికి మళ్లీ వెళ్లలేదు. చదివితే అన్న సంగతి తెలుస్తుంది. అన్న సంగతి తెలిస్తే తన సంగతి చూసుకోవాలి.

"మా అమ్మకి ఇంకో కొడుకు గుండె గురించి ఎవరు చెప్తారే? నువ్వు చెప్తావా? అన్నయ్య పోయాక ఆవిడ ఆస్పత్రి గడప తొక్కలేదు. నేను డాక్టరు చదువుతున్నానంటే ఒక్కరోజు కూడా చూడ్డానికి రాలేదు. నా మీద పెట్టుకునే బతుకుతోంది. ఆదివారం ఫుట్‌బాల్ ఫైనల్ మ్యాచ్ ఉంది. అదయ్యాక నేనే మేడమ్ దగ్గరికెళ్తా. అప్పటిదాకా నోరు విప్పకు."

"మ్యాచ్ ఆడతావా? ఈ గుండెతోనా?"

"ఇన్నేళ్లూ దీంతోనేగా ఆడాను! నీ కాళ్లు పట్టుకుంటా. నాలుగు రోజులు."

అంత పొడుగాటివాడు నిజంగానే వంగబోయేసరికి చీమ బెంబేలెత్తి సరేనంది. సాయంత్రం వ్యానులో డాక్టరమ్మ "ఏంటే, మొహం అలా పీక్కుపోయింది?" అంటే తలనొప్పని చెప్పింది. నిచ్చెన వెనక సీట్లో కూర్చుని అందరినీ నవ్విస్తూనే ఉన్నాడు. ఆ నవ్వు ఆగినప్పుడల్లా చీమ వెనక్కి తిరిగి చూసింది.

మర్నాడు ఆమెకి పాఠాలు ఎక్కలేదు, ముద్ద దిగలేదు. అతనెక్కడున్నాడో కనుక్కోవడం, కనపడ్డాక ఊపిరి తీసుకోవడం, మళ్లీ కనపడకపోతే వెతుక్కోవడం, ఇదే పని. సాయంత్రం ఫుట్‌బాల్ మైదానం నుంచి ఈల వినిపించింది. చీమ పరుగెత్తింది.

నిచ్చెన బంతి వెంట ఉరుకుతున్నాడు. చీమ గీత బయట నిలబడి, ఏ అడుగు మీద పడతాడోనని చూసింది. ఒకచోట అతను నడుం మీద చేతులు పెట్టుకుని వంగాడు. వగరుస్తున్నాడో, బూటు తాడు చూసుకుంటున్నాడో ఆమెకి అర్థం కాలేదు. మళ్లీ లేచి పరుగు. ఇక ఆమె వల్ల కాలేదు. బంతి గీత దాటి దొర్లుకొచ్చింది. చీమ దాన్ని ఎత్తుకుని తిన్నగా మైదానం మధ్యకి నడిచి, నేలమీద పెట్టి, దానిమీద కూర్చుంది.

"ఏయ్! పిచ్చెక్కిందా? లే!" అని జట్టు నాయకుడు అరిచాడు. ఆటగాళ్లందరూ చుట్టూ మూగారు. ఒకడు ఈలలు వేశాడు. ఇంకొకడు "నిచ్చెనా, నీ కోసమే ధర్నా చేస్తోందిరా" అన్నాడు.

నిచ్చెన మొహం ఎర్రబడింది. "లెగు. నా పరువు తియ్యకు."

"లేవను. కావాలంటే నన్ను మోసుకెళ్లి అవతల పారెయ్."

అతను మిగతావాళ్లని దూరంగా పొమ్మన్నాడు. వాళ్లు గొణుక్కుంటూ వెళ్లాక పళ్లు కొరుకుతూ "మాటిచ్చావు" అన్నాడు.

"ఇచ్చాను. తప్పుతున్నాను. తిట్టుకో." చీమకి ఏడుపు తన్నుకొచ్చింది. "నీ సంగతి నీ ఇష్టం అనుకుందాం. మీ చెల్లి? ఇది వంశంలో వచ్చే జబ్బు, అన్నదమ్ములిద్దరికీ వచ్చింది. దాని సంగతేంటి? రోజూ చక్రాల బూట్లు కట్టుకుని పోటీలకి తిరుగుతుందని నువ్వేగా చెప్పావు!"

నిచ్చెన ఉన్నచోటనే గడ్డిలో చతికిలబడ్డాడు. "దాని గురించి ఆలోచించకుండా ఉండటానికేనే నేను ఇన్నాళ్లూ ఆ బల్ల మీద పడుకోనిది" అని మొహం చేతుల్లో దాచుకున్నాడు.

ఇద్దరూ అటు నుంచి అటే డాక్టరమ్మ గదికి వెళ్లారు. ఆమె ఇంటికి వెళ్లబోతూ సంచి భుజాన వేసుకుని ఉంది. చెప్పిందంతా విని, నిచ్చెనని బల్లమీద పడుకోబెట్టి తనే చూసింది. తుడుచుకోమని కాగితం అందించింది. అప్పుడు చీమ వైపు తిరిగింది.

"నిన్న చూసి ఇవాళ సాయంత్రం చెబుతున్నావా?"

"మేడమ్, ఇతను వద్దని…"

"ఇతను రోగి. భయంతో ఏమైనా అంటాడు. నువ్వెవరు? ఇందాక మైదానంలో పడిపోయుంటే వాళ్లమ్మకి ఏం చెప్పేదానివి? మాటిచ్చానని చెప్పేదానివా?"

చీమ తల దించుకుంది. ఆ తిట్లు ఒళ్లంతా వాతలు పెట్టినట్టున్నా, ఎవరో ఒకరు తిడుతున్నందుకు ఎక్కడో కాస్త ఊరట కూడా కలిగింది.

డాక్టరమ్మ నిచ్చెనతో మాత్రం మెత్తగా మాట్లాడింది. ఇక ఆట లేదు. మాత్రలు మొదలుపెట్టాలి. అన్న అలా పోయాడు కాబట్టి, గుండె గతి తప్పినప్పుడు తనే ఒక కరెంటు దెబ్బ కొట్టి దారికి తెచ్చే చిన్న పరికరాన్ని చర్మం కింద పెట్టాలి. అంతకన్నా ముందు ఇంట్లో అందరినీ చూడాలి.

"మా అమ్మ ఆస్పత్రికి రాదు మేడమ్. చంపినా రాదు."

"అయితే మనమే వెళ్దాం. బస్సు డిపోకి వెళ్లినవాళ్లం, మీ ఇంటికి వెళ్లలేమా?"

ఆ మరుసటి సాయంత్రమే వెళ్లారు. టైర్ల దుకాణం పైన రెండు గదుల ఇల్లు. యంత్రాన్ని చీమ, నిచ్చెన చెల్లెలు కలిసి మెట్లు ఎక్కించారు. నిచ్చెన చెయ్యి వేయబోతే డాక్టరమ్మ కళ్లెర్రజేసింది. కొడుకు బరువు మొయ్యకుండా పక్కన నిలబడటం చూసినప్పుడే తల్లికి ఏదో తెలిసిపోయినట్టుంది. తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆమె పరదాలు కుట్టే మనిషి. మెడలో కొలత టేపు ఇంకా వేలాడుతూనే ఉంది.

తండ్రి కారు నడపడం నేర్పించేవాడు. నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని, తన వైపున్న బ్రేకు తొక్కీ తొక్కీ అలవాటై, ఇంట్లో కుర్చీలో కూర్చున్నా కుడికాలు నేలని నొక్కుతూనే ఉంటుంది. భార్యాభర్తలు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోరని చీమకి కాసేపట్లోనే అర్థమైంది. తల్లి కూతురితో "మీ నాన్నని ఆ కుర్చీ జరపమను" అంటుంది. కుర్చీ పక్కనే ఆయన ఉంటాడు.

డాక్టరమ్మ మెల్లగా అంతా చెప్పింది. పెద్దకొడుకుది ఎండదెబ్బ అయ్యుండకపోవచ్చనీ, చిన్నవాడికి ఈ జబ్బుందనీ, తెలిసింది కాబట్టి కాపాడుకోవచ్చనీ. తల్లి ఏడవలేదు. "ముందు పిల్లని చూడండి" అంది.

డాక్టరమ్మ ప్రోబ్‌ని చీమ చేతికిచ్చింది. "నువ్వే చూడు. నేను పక్కనే ఉంటా" అంది డాక్టరమ్మ.

చెల్లెలి గుండె గోడ సన్నగా, చురుగ్గా కదిలింది. ఇప్పటికి బాగానే ఉంది, కానీ ఎదిగే వయసు కాబట్టి ఏటేటా చూడాలంది డాక్టరమ్మ. తర్వాత తల్లి పడుకుంది. ఆమెదీ బాగుంది. తల్లి లేచి, పైట సర్దుకుని, కిటికీ దగ్గర నిలబడ్డ భర్త వైపు చూడకుండానే కూతురితో అంది: "మీ నాన్నని పడుకోమను."

"నాకెందుకులే. నాకేం లేదు" అన్నాడాయన.

"పడుకోండి."

ఆ ఒక్క మాట ఆమె ఆయనతోనే అంది. గదిలో అందరూ అటు తిరిగారు. ఆయన చొక్కా గుండీలు విప్పుకుని మంచం మీద ఒరిగాడు. ప్రోబ్ తగలగానే కుడికాలు మంచం పట్టీని తొక్కింది. చీమ ఈసారి మొహం రాయిలా పెట్టుకుంది. తెర మీద అదే దిమ్మ.

డాక్టరమ్మ ఆమె చేతి మీద చెయ్యి వేసి, ప్రోబ్ తీసుకుని, ఇంకోసారి చూసి, "మీకూ ఉందండీ" అంది. "మీ దగ్గర్నుంచే పిల్లలకి వచ్చింది. మీకు పెద్దగా బాధ పెట్టలేదు, అంతే. ఇందులో ఎవరి తప్పూ లేదు."

ఆయన పైకప్పు వైపు చూస్తూ పడుకునే ఉన్నాడు. ఛాతీ మీద జెల్ మెరుస్తోంది. "పెద్దోణ్ని పొద్దున్నే నిద్ర లేపి పరిగెత్తించిందీ నేనే" అన్నాడు. "ఆ గుండె ఇచ్చిందీ నేనే."

"మెట్లెక్కుతున్నా అలా జరగొచ్చండీ. నిద్రలోనూ జరగొచ్చు. పరుగు వల్లే అని…" అనబోయింది డాక్టరమ్మ.

"అయినా పరిగెత్తించారు" అంది తల్లి.

కింద దుకాణంలో ఎవరో టైరుకి గాలి కొడుతున్నారు. తల్లి వంటగదిలోకి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడు. నీళ్లు పోతూనే ఉన్నాయి, గిన్నె చప్పుడు లేదు. చెల్లెలు లోపలికి పోబోతే నిచ్చెన భుజం పట్టుకుని ఆపాడు. చివరికి కుళాయి ఆగింది. ఆమె తడి మొహంతో వచ్చి మంచం పక్కన నిలబడి, "లేవండి. చొక్కా తొడుక్కోండి. పిల్లలు చూస్తున్నారు" అంది.

తిరిగి వచ్చేటప్పుడు మెట్ల మీద చీమ యంత్రాన్ని ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. డాక్టరమ్మ ఆమె ఏడుపు అయ్యేదాకా కింద మెట్టు మీద నిలబడింది.

నిచ్చెనకి పరికరం పెట్టే రోజున తల్లి ఆస్పత్రికి వచ్చింది. వరండాలో బల్లకి ఈ చివర ఆమె, ఆ చివర ఆయన. చెల్లెలు మధ్యలో. ఆయన అప్పటికి మాత్రలు వేసుకుంటున్నాడు, బండి నేర్పడం మానేశాడు. చీమని చూసి తల్లి పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఒకటడుగుతా, చెప్పు. నువ్వా రోజు చూడకపోయుంటే ఏమయ్యేది?"

"తెలీదు ఆంటీ. ఏమీ కాకపోయుండొచ్చు. లేకపోతే…"

"చాల్లే." ఆమె చీర అంచుని వేళ్ల మధ్య నలిపింది. "రోజుకోసారి నిన్ను తిట్టుకుంటున్నానమ్మా. అది చూడకపోతే ఇంకొన్నాళ్లు హాయిగా ఉండేవాళ్లం కదా అని. ఆ వెంటనే నన్ను నేను తిట్టుకుంటున్నా. వాణ్ని హాస్టల్ నుంచి ఇంటికి తెచ్చుకున్నాక, నిద్రలో వాడి ఛాతీ కదులుతోందో లేదో చూసొస్తున్నా. పిల్లది చూసొస్తున్నా. ఆయన మంచం దగ్గరికీ వెళ్తున్నా. మాట్లాడను. చూసొస్తా, అంతే. ఇట్లా ఎన్నాళ్లు చూడాలి?"

చీమకి ఏం చెప్పినా అబద్ధమే అవుతుందనిపించింది.

తలుపు తెరుచుకుంది. అంతా సవ్యంగా జరిగిందనీ, ఇద్దరు లోపలికి వెళ్లి చూడొచ్చనీ డాక్టరు చెప్పాడు. తల్లి లేచింది. నాలుగడుగులు వేసి గుమ్మం దగ్గర తూలింది. వెనకే వస్తున్న భర్త ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె చెయ్యి విడిపించుకోలేదు, ఆయన వైపు చూడనూ లేదు. అలాగే ఇద్దరూ లోపలికి వెళ్లారు.

బల్ల మీద చీమ, చెల్లెలు మిగిలారు. ఆ పిల్ల కాళ్లు ఊపడం ఆపి, "అక్కా, నాకూ వస్తుందా?" అంది.

"రావచ్చు. రాకపోవచ్చు. ఏటేటా చూస్తుంటాం."

"చూస్తే రాకుండా ఆగిపోతుందా?"

"ఆగదు" అంది చీమ.

ఆ పిల్ల తలూపి, చీమ చేతిని తన ఒళ్లోకి లాక్కుని, మూసిన తలుపు వైపు చూస్తూ కూర్చుంది.